కింది ఇంటి పాలు

మంగళవారం పొద్దున పదింటికి సైకిలు వచ్చి గుమ్మం ముందు ఆగింది. కిటికీ దగ్గరకు వెళ్ళకూడదని అలివేలుమంగ గట్టిగా అనుకుంది. అనుకుంటూనే వెళ్ళి తెర పక్కకు జరిపింది. కింద ఫ్రావ్ ష్వెంక్ హెల్మెట్ తీసి, జుట్టు సర్దుకుని, తెల్ల మాస్కు తగిలించుకుని, సంచీ భుజాన వేసుకుంది. బెల్లు మోగింది. మోగింది మంగ ఇంట్లో కాదు, కింది అంతస్తులో, సదియా ఇంట్లో.

"వచ్చిందమ్మా మహారాణిగారి మంత్రసాని," అంది మంగ, వినేవాళ్ళెవరూ లేకపోయినా.

జర్మనీలో మంత్రసానిని హెబామె అంటారు, గౌరవంగా పేరుకు ముందు ఫ్రావ్ అని చేరుస్తారు. బిడ్డ పుట్టాక ఇంటికే వచ్చి, తల్లిని పలకరించి, బిడ్డను తూచి, పాలు పట్టడం దగ్గరుండి నేర్పి వెళుతుంది. ఆవిడ రాకపోకల భారమంతా ఆరోగ్య బీమా వాళ్ళదే. దాన్ని కాసె అంటారు. మొదటి పది రోజులూ రోజూ రావచ్చు, పన్నెండు వారాల దాకా అప్పుడప్పుడూ రావచ్చు, ఆ తర్వాత కూడా పాల దగ్గర చిక్కొస్తే బిడ్డ పాలు మానేలోపు ఇంకొన్నిసార్లు పిలవచ్చు. ఇదంతా మంగకు కంఠతా వచ్చు. సదియాది ఏ కాసెనో మంగదీ అదే కాసె. ఇద్దరి పర్సుల్లోనూ ఒకే రంగు కార్డు. అయినా ఆ మనిషి వారానికి రెండుసార్లు రెండో అంతస్తు దాకా వచ్చి, మూడో అంతస్తు ఎక్కకుండా తిరిగి వెళ్ళిపోతుంది. అదీ మంగ కడుపుమంట.

లోపల మీరా లేచి ఏడుపు అందుకుంది. పదిహేడు రోజుల పిల్ల. మంగ ఒళ్ళోకి తీసుకుని, వంగి, పళ్ళ బిగువున రొమ్ము అందించింది. పిల్ల రెండుసార్లు చప్పరించి వదిలేసి మళ్ళీ గుక్కపట్టింది. మొనలు చిట్లి పుండ్లు పడ్డాయి. పిల్ల నోరు తగిలితే చాలు, ప్రాణం పోయినట్టుండేది. సరిగ్గా అప్పుడే కింది నుంచి నవ్వులు వినిపించాయి. ఫ్రావ్ ష్వెంక్ ఏదో అంది, సదియా పకపకా నవ్వింది. పాలిచ్చే ఆడది నవ్వుతూ కూర్చోగలదన్న సంగతే మంగకు నమ్మబుద్ధి కాలేదు.

ఇంకోరైతే కిందికి దిగి, "అమ్మా, నాకూ ఒకసారి చూపించు," అని అడిగి ఉండేవారు. మంగకు ఆ దారి లేదు. ఆ దారిని తనే మూసుకుంది, అదీ తొమ్మిది నెలల కింద.

అప్పటికి కరోనా మొదటి విడత తగ్గి, జిండెల్ఫింగెన్‌లో జనం మళ్ళీ వీధుల్లో కనిపిస్తున్న రోజులు. మంగది, ఆమె భర్త ఉమేశ్‌ది తెనాలి. సదియాది నిజామాబాదు, ఆమె భర్త మసూద్ కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. లాక్‌డౌన్‌లో ఒకే మెట్ల దారి వాడుకునే రెండు తెలుగు కొంపలు ఎంత దగ్గరవుతాయో అంత దగ్గరయ్యారు. ఓ రోజు బట్టలు ఉతుక్కునే కింది గదిలో సదియా మంగ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నాకు నెల తప్పింది. నీకే మొదలు చెప్తున్న. ఈడ హెబామె దొరకాలంటె గిప్పటి నుంచే పట్టాలంట. ముప్పై మందికి ఫోన్ కొట్టిన, ఆఖరికి ఒకామె దొరికింది. ఫిబ్రవరిల ఆమెకు ఇంకొక్క జాగ ఉన్నదంట. నీక్కూడ ఏమన్న... ఉంటె చెప్పు, నీ పేరు రాపిస్త."

మంగకు కూడా నెల తప్పి నాలుగు రోజులైంది. ఆ సంగతి ఉమేశ్‌కు, తెనాలిలో ఉన్న అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. "అయిదో నెల వచ్చేదాకా నోరు విప్పావంటే ఊరుకోను. దిష్టి ఎటునుంచి తగులుతుందో తెలీదు," అని అమ్మ రత్నకుమారి ఒట్టు వేయించుకుంది. మంగ సదియా కళ్ళలోకి చూసి, "ఛఛ, మాకేం లేదు సదియా. ఇప్పుడప్పుడే అనుకోవట్లేదు," అనేసింది. మాట ఎంత సాఫీగా వచ్చిందంటే తనకే ఆశ్చర్యం వేసింది.

అయిదో నెల వచ్చింది. పొట్టా వచ్చింది. మంగ కిందికి వెళ్ళి కబురు చెప్పింది. సదియా "ముబారక్ అక్కా," అంది. ఒక్కసారి ముఖంలోకి చూసి, చాయ్ పెట్టడానికి లేచి వెళ్ళింది. ఎప్పుడు అని అడగలేదు, ఎందుకు దాచావనీ అడగలేదు. ఆ మర్నాటి నుంచి మంగ ఫోన్లు మొదలుపెట్టింది. జిండెల్ఫింగెన్ అయింది, పక్కనున్న బోబ్లింగెన్ అయింది, స్టుట్‌గార్ట్ కూడా అయింది. అందరిదీ ఒకటే మాట. ఆరో వారంలో అడగాల్సిందండీ, ఇప్పుడు ఖాళీ లేదు.

ఇప్పుడు మార్చి. అమ్మకు వీసా అపాయింట్‌మెంట్ దొరకలేదు, విమానాలు ఎప్పుడు నడుస్తాయో తెలియదు. రత్నకుమారి ఫోన్ తెరమీద నుంచే పురిటి పనులన్నీ చక్కబెడుతోంది. "తెలగపిండి కూర తినవే, వెల్లుల్లి దండిగా వెయ్యి, పాలు అవే పడతాయి." ఈ ఊళ్ళో తెలగపిండి ఎక్కడ దొరుకుతుందో అది మాత్రం చెప్పదు. ఉమేశ్ మంచివాడే. పక్కగదిలో హెడ్‌సెట్ పెట్టుకుని మీటింగుల్లో ఉంటాడు, మధ్యలో వచ్చి పిల్లను ఎత్తుకుంటాడు. "డబ్బా పాలు తాగే పెరిగాన్నేను. ఏం తక్కువయ్యాను చెప్పు?" అంటాడు. ఆ ప్రశ్నకు మంగ దగ్గర చాలా జవాబులున్నాయి గానీ పైకి అనలేదు.

పిల్లల డాక్టరమ్మ సోమవారం పిల్లను తూచి పెదవి విరిచింది. పుట్టినప్పటి బరువుకు కూడా ఇంకా రాలేదట. "శుక్రవారం మళ్ళీ తీసుకురండి. అప్పటికీ పెరగకపోతే సీసా మొదలుపెడదాం. అందులో తప్పేం లేదు." తప్పు లేదని మంగకూ తెలుసు. కానీ అమ్మ చెయ్యి లేకుండా, చుట్టాలూ పక్కాలూ లేకుండా, మాస్కుల మధ్య కన్న బిడ్డకు తను స్వయంగా ఇవ్వగలిగింది ఆ పాలొక్కటే అని ఆమె పట్టు. సీసా వస్తే తను ఓడిపోయినట్టే. ఎవరి చేతిలో ఓడిపోయినట్టు అని అడిగితే, నిజం చెప్పాలంటే, సదియా చేతిలో.

ఎందుకంటే సదియా కొడుకు తల్హా పుట్టి మూడు వారాలు దాటిందో లేదో, బుగ్గలు వేలాడేస్తున్నాడు. వాట్సాప్‌లో రోజూ ఫోటో. కింద ఒక ప్రశ్న: "అక్కా, పాప మంచిగ తాగుతుందా?" మంగ ప్రతిసారీ ఒకటే రాసేది. "బ్రహ్మాండంగా. పాలు పొంగిపోతున్నాయి." రాసి, ఫోను బోర్లా పెట్టి, పమిట తడుపుకోడానికి కూడా చాలని తన పాలను తలుచుకుని ఏడ్చేది.

బుధవారం ధైర్యం చేసి కాసెకు ఫోన్ చేసింది. అవతలి ఆవిడ గొంతు తేనె. "మీకు పూర్తి హక్కుంది. బిడ్డ పాలు మానేదాకా హెబామె సాయం మేం భరిస్తాం. ఈ కరోనా రోజుల్లో వీడియోలో చూసినా సరే."

"మరి ఒక హెబామెను పంపండి," అంది మంగ.

"వెతుక్కోవడం మాత్రం మీరేనండీ."

అంటే విస్తరి వేశారు, వడ్డించేవాళ్ళు లేరు. ఆవిడ ఇచ్చిన జాబితా పట్టుకుని మంగ సాయంత్రం దాకా ఫోన్లు చేసింది. చాలాచోట్ల మెషీను మాట్లాడింది. హానోవర్‌లో ఒకావిడ వీడియోలోకి వచ్చింది. మంగ ఫోనును దిండుకు ఆనించి, పిల్లను పట్టుకుని, సిగ్గు చంపుకుని కూర్చుంది. "కొంచెం ఎడమకు..." అంటుండగా బొమ్మ బిగుసుకుపోయింది. పక్కగదిలో ఉమేశ్ మీటింగులో ఎవరికో తన స్క్రీను చూపిస్తున్నాడు. నెట్టంతా అటే పోయింది. ఆవిడ మళ్ళీ దొరకలేదు.

గురువారం పదకొండింటికి తలుపు తట్టిన చప్పుడైంది. మంగ తీసేసరికి సదియా నిలబడి ఉంది, మాస్కుతో, చేతిలో మూత పెట్టిన గిన్నెతో.

"అచ్వానీ చేసిన అక్కా. వాము, బెల్లం, గోంద్ వేసి, గదే తుమ్మబంక. మా అమ్మీ ఫోన్ల చెప్పింది, బాలింతలకు మంచిదట. తల్హా పండుకున్నడు, మసూద్ ఉన్నడు ఆడ్నే..." అంటూ ఆగిపోయింది. లోపల మీరా ఏడుస్తోంది. అది ఆకలేసిన బిడ్డ ఏడుపు కూడా కాదు, ఏడ్చి ఏడ్చి ఓపిక పోయిన బిడ్డ మూలుగు. సదియా లాంగ్ డ్రెస్సు రొమ్ముల దగ్గర రెండు చోట్లా తడిసిపోయింది. పరాయి పిల్ల ఏడుపు వింటేనే ఆమెకు పాలు వచ్చేస్తున్నాయి.

మంగ ఆ తడి చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా అనిపించింది. తను తెల్లవార్లూ ఏడ్చినా రాని పాలు ఆమెకు గుమ్మంలో నిలబడితే కారిపోతున్నాయి.

"బ్రహ్మాండంగ తాగుతుందన్నవ్ కదక్కా," అంది సదియా మెల్లగా.

"నీకేంలే! వారానికి రెండుసార్లు ఇంటికొచ్చి నేర్పిపోతారు. నీకు పాలు పడక నాకు పడతాయా?" మంగ గొంతు లేచింది. "అదే కార్డు నాకూ ఉంది. నాకెవరొచ్చారు?"

"నేను అడిగిన్నాడు లేదన్నవ్."

మంగ గిన్నె అందుకుని బల్ల మీద పెట్టింది.

"నాకు గప్పుడే తెల్సు అక్కా. నా చాయ్ అంటె పడి చచ్చేటిదానివి, వాసనకే బయిటికి ఉరికినవ్. మీకు అయిదో నెల దాక చెప్పొద్దని ఉంటదేమో అనుకున్న. మా అమ్మమ్మ గూడ అట్లనే అనేది. ఇయ్యాల చెప్తవ్, రేపు చెప్తవ్ అని చూసిన. ష్వెంకమ్మ పది రోజులు ఆ జాగ ఆపింది, నేను బతిలాడితె. నువ్వు చెప్తలేవాయె. పదకొండో రోజు ఇంకెవరికో ఇచ్చేసింది."

మంగ సోఫాలో కూలబడింది. ఇన్నాళ్ళూ ఆమె కుళ్ళుకున్నది తన కోసం పది రోజులు కాపలా కాసిన మనిషి మీదా! అయినా కుళ్ళు పోయిందా అంటే పోలేదు. ఇంకొంచెం పెరిగింది. పాలూ ఆమెకే, మంచితనమూ ఆమెకేనా?

మీరా మళ్ళీ మూలిగింది. మంగ లోపలికెళ్ళి పిల్లను ఎత్తుకొచ్చింది. సదియా చేతులు కడుక్కుని వచ్చి, మాస్కు సర్దుకుని, దగ్గర కూర్చుంది.

"నేనిస్తనక్కా పాలు. ఇయ్యమంటవా?"

మంగ వద్దనబోయింది. సదియా చెయ్యి అడ్డుపెట్టింది.

"ముందుగాల ఒక మాట విను. మా దాంట్ల ఉత్తగ తాగిపిచ్చుడు ఉండది. ఒక్కసారి నా పాలు తాగిందంటె మీరా నాకు బిడ్డ అయితది, తల్హాకు చెల్లె అయితది. రేపు పెద్దగైనంక వీళ్ళు ఒకర్నొకరు పెండ్లి చేసుకునుడు కుదరది. గందుకే దాపెట్టొద్దు. నేను మసూద్‌కు చెప్తా, మా అమ్మీకి చెప్తా. నువ్వు గూడ మీ ఆయనకు, మీ అమ్మకు చెప్పాలె."

"ఎవరికీ చెప్పకుండా ఇవ్వలేవా?" అంది మంగ. అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగింది.

"లేను. దాస్తె తప్పయితది."

నోరు మూసుకోమని ఒట్టు వేయించుకునే ఇంట్లో పుట్టింది మంగ. చెప్పి తీరాలనే ఇంట్లో పుట్టింది సదియా. అమ్మకు ఈ మాట చెప్పడమంటే, నాకు పాలు లేవు, కింది ఇంటావిడ ఇచ్చింది అని ఒప్పుకోవడమే. తెనాలిలో అది సాయంత్రానికల్లా ఎన్ని నోళ్ళు తిరుగుతుందో మంగకు తెలుసు. పిల్ల పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మంగ ఒక్క నిమిషం వాటినే చూసి, "చెబుతాను," అని పిల్లను అందించింది.

మీరా పట్టుకుంది. అంతే, ఒక్కసారి తల అటూ ఇటూ తిప్పి పట్టుకుంది. గుటక చప్పుడు వినిపించింది. పంతొమ్మిది రోజులుగా తన దగ్గర వినాలని మంగ తపించిపోయిన చప్పుడది. పిల్ల పిడికిలి విచ్చుకుని సదియా మెడ మీద ఆనింది. మంగకు ఆ చిట్టి చెయ్యి అక్కణ్ణుంచి లాగెయ్యాలనిపించింది. బిడ్డ బతుకుతోందన్న సంతోషం ఒకవైపు, నా బిడ్డ ఇంకొకరి ఒళ్ళో ఇంత హాయిగా ఉందేమిటన్న మంట ఒకవైపు. మంటే ఎక్కువగా ఉంది. కళ్ళు తిప్పుకుందామనుకుంది, కాదని చూస్తూనే ఉంది. అసూయ పడ్డ మనిషి చూసినంత శ్రద్ధగా ఇంకెవరూ చూడరు. అలా చూడబట్టే ఆమెకు ఒక సంగతి కనిపించింది. సదియా వంగలేదు.

"నువ్వు వంగట్లేదేం?" అంది.

"వంగొద్దక్కా. నువ్వు పిల్ల కాడికి పోతున్నవ్, పిల్లనే నీ కాడికి తెచ్చుకోవాలె. ఎనుకకు ఆనుకో. పొట్టకు పొట్ట తగలాలె. నోరు ఆవులింత లెక్క తెరిచేదాక ఆగి, అప్పుడు దగ్గరికి తీసుకో. మొన ఒక్కటే నోట్ల పెడితె పుండు గాక ఏమైతది? ష్వెంకమ్మ నాకు గివన్నీ మూడు రోజులు చూపెట్టింది. నాకు గూడ మొదలు రక్తం కారింది. నవ్వుడు ఇప్పుడు నవ్వుతున్న."

రెండో వైపు మంగే పట్టింది. సదియా వెనక నుంచి దిండ్లు ఎగదోసింది, మోచెయ్యి సరిచేసింది, "ఆగు, ఆగు, ఇగ ఇప్పుడు," అంది. మొదటిసారి జారింది. రెండోసారీ జారింది. మూడోసారి పిల్ల నోటినిండా పట్టింది. నొప్పి వచ్చింది గానీ కత్తి దిగినట్టు రాలేదు. కాసేపటికి గుటక వినిపించింది. మంగ ఊపిరి బిగబట్టి లెక్కపెట్టింది. ఎనిమిది గుటకలు. తనవే.

సదియా ఈలోగా ఫోన్ తీసి ఫ్రావ్ ష్వెంక్‌కు మెసేజ్ పెట్టింది. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. మంగళవారం నీ దగ్గర అయ్యాక ఒక అంతస్తు ఎక్కుతాను, కార్డు సిద్ధంగా ఉంచుకోమను, కొత్త బాలింతలను తీసుకోలేను గానీ పాల చిక్కుకైతే ఎలాగూ ఆ ఇంటికే వస్తున్నానుగా, కాసె ఇచ్చే సాయాన్ని ఇన్నాళ్ళూ అడక్కుండా ఎందుకు వదులుకుంది అని. నలభై ఫోన్లకు కాని పని ఒక్క మెసేజ్‌తో అయిపోయింది. మంగ థాంక్స్ చెప్పింది. చెబుతూ లోపల మళ్ళీ కాస్త ఉడుక్కుంది.

సాయంత్రం పిల్ల మొండికేస్తే సదియా ఇంకోసారి వచ్చి ఇచ్చి వెళ్ళింది. ఆ తర్వాత ప్రతిసారీ మంగే పట్టింది. ఉమేశ్‌కు చెబుదామనుకుంది. మీటింగులో ఉన్నాడు. భోజనాల దగ్గర చెబుదామనుకుంది. అన్నం చల్లారుతోంది. రేపు చెప్పొచ్చులే అనుకుంది.

శుక్రవారం డాక్టరమ్మ దగ్గరకు కరోనా నిబంధన ప్రకారం ఒక్కరినే రానిచ్చారు. ఉమేశ్ బయట చలిలో ఖాళీ పిల్లబండి పట్టుకుని నిలబడ్డాడు. మీరాను తూచారు. నూట ఇరవై గ్రాములు పెరిగింది.

"భేష్! సీసా అక్కర్లేదు," అంది డాక్టరమ్మ. "ఏం చేశారు?"

"పట్టుకునే తీరు మార్చాను," అంది మంగ. అబద్ధం కాదు. డాక్టరమ్మ నవ్వి భుజం తట్టింది. ఆ నవ్వు మంగకు ఎంత తియ్యగా అనిపించిందంటే, ఆ నూట ఇరవై గ్రాముల్లో ఒక్కటి కూడా ఇంకొకరికి ఇవ్వబుద్ధి కాలేదు. రెండుసార్లే కదా ఆమె ఇచ్చింది. మిగతాదంతా నాదే కదా. రెండుసార్లకు ఎన్ని గ్రాములు ఉంటాయి? ఇరవై? ముప్పై? మెట్లు దిగుతున్నంతసేపూ ఆ లెక్కే.

బయటికి వచ్చేసరికి ఉమేశ్ అప్పటికే అత్తగారికి వీడియో కలిపి ఉన్నాడు.

"పెరిగిందా?"

"నూట ఇరవై."

"అత్తయ్యగారూ, విన్నారా! నూట ఇరవై!"

తెరమీద రత్నకుమారి రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకుంది. "నే చెప్పలా? నా కూతురికి పాలు పడకపోవడమేంటి! మా వంశంలో అలాంటిది ఉందా? ఎవరి సాయమూ లేకుండా ఆ దేశంలో ఒక్కతే నెగ్గుకొచ్చిందయ్యా నా తల్లి."

మంగకు కావలసిన మాటలన్నీ అవే. ఊరుకుంటే చాలు, అన్నీ ఆమెవే అయిపోతాయి. సదియా తన వాళ్ళకు చెప్పుకుంటే చెప్పుకుంటుంది, నిజామాబాదు మాట తెనాలి దాకా రాదు. మంగ పిల్ల టోపీ సరిచేసింది. పాలు తాగి నిద్రపోతున్న పిల్ల నోరు ఇంకా కదులుతోంది.

"ఆగమ్మా," అంది. "అన్నీ నావి కావు. నిన్న రెండుసార్లు కింది ఇంటి సదియా పాలిచ్చింది మీరాకి. నాకు చేతకాకపోతే తనే నేర్పింది కూడా. వాళ్ళ పద్ధతిలో ఇక తల్హా దీనికి అన్నయ్యే. అందరికీ చెప్పాలని మాటిచ్చాను, అందుకే చెబుతున్నాను."

ఉమేశ్ బండి మీద చెయ్యి అలాగే ఉంచి చూస్తున్నాడు. తెరమీద అమ్మ కదలలేదు. నెట్ పోయిందేమో అనుకుంది మంగ. పోలేదు. రత్నకుమారి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"అన్న అంటున్నావు, ఆ పిల్లాణ్ణి నాకు ఒక్కసారైనా చూపించావుటే? ఇంటికెళ్ళగానే చూపించు. బొద్దుగా ఉంటాడా?"

"ఉంటాడమ్మా," అంది మంగ. "చాలా బొద్దుగా ఉంటాడు." అనేటప్పుడు గుండెలో చురుక్కుమంది. అయినా ఇంటికి వెళ్ళగానే మూడో అంతస్తు ఎక్కకుండా రెండో అంతస్తులోనే ఆగి బెల్లు కొట్టింది.